మూడో పంపు దరఖాస్తు

బహుళ పంచమి

సభ్యులు రోజూ దినచర్య రాసి దఫ్తరులో పడేయాలని మా సంఘం నియమం. ఎవరూ చదవరు. అందుకే ఇందులో నిజం రాస్తున్నాను.

ఈ పూటంతా ఉమ్ముకు మార్కుల గురించి చర్చ. నా వయసు యాభై ఎనిమిది. ఈ వయసులో ఇది నా పని. వేదిక మీద గాయకుడు ఉమ్మితే పదికి ఎన్ని ఇవ్వాలి? దూరాన్ని బట్టా, కసిని బట్టా? దూరాన్ని బట్టి అన్నాడు హిమాంశు, టేపు పెట్టి కొలవడం సులువట. కసిని బట్టి అన్నారు విరూపాక్షం గారు. గంటన్నర వాదించుకున్నారు. మధ్యలో టీ వచ్చింది, బిస్కట్లు వచ్చాయి. ఉమ్ము మాట నోట్లో ఉండగానే బిస్కట్టు ముంచుకుని తిన్నారు ఇద్దరూ. ఛీ!

విరూపాక్షం గారు మా అధ్యక్షులు. విశ్వవిద్యాలయంలో తిరుగుబాటు శాస్త్రం చెప్పి రిటైరయ్యారు. బతుకులో ఒక్కసారి కూడా క్యూ తప్పి నిలబడిన మనిషి కాదు. హిమాంశు చింపిన జాకెట్లు అమ్మే కంపెనీ తరఫున వచ్చాడు. వాళ్ల ఫ్యాక్టరీలో జాకెట్టును మూడు చోట్ల కొలత ప్రకారం చింపి పంపుతారు. నాలుగో చోట చిరిగితే గ్యారంటీ పోతుంది. మూడో సభ్యురాలిని నేను, బెవర చంద్రకళను. ఒకప్పుడు ‘తుప్పు’ అనే బ్యాండులో డ్రమ్స్ వాయించాను.

ఏ బ్యాండు నిజమైన పంకో, అంటే ఎవరిది అసలైన తిరుగుబాటు సంగీతమో, తేల్చడం మా సంఘం పని. తేలినవాళ్లకు రూపాయి కాసంత బిళ్ల ఒకటి ఇస్తాం. ఈ మూడు నెలలకూ మిగిలింది ఒకే బిళ్ల. దరఖాస్తులు రెండు: ‘బూడిద’, ‘మూడో పంపు’.

ఇంటికొచ్చి విసుగుతో డ్రమ్ము మీద గట్టిగా ఒక దెబ్బ వేశాను. చప్పుడు రాలేదు. వీధి చివర స్తంభం మీద పచ్చ దీపం ఒకసారి ఆరి వెలిగింది. ఊళ్లో గట్టి చప్పుళ్లన్నీ తాగేసే పరదా దీన్నీ మింగేసింది. నా బిళ్ల మెడలో వేసుకుని దాని మీద ఒకసారి బొటనవేలు ఆనిస్తే, మళ్లీ ఆనించేదాకా చప్పుడు వచ్చేదే. కానీ పక్కింట్లో పసిపిల్ల పడుకుంది.

బహుళ సప్తమి

బూడిద వాళ్లు వచ్చారు. నలుగురు. గాయని పేరు ప్రణిధి, పరదా శాఖ కమిషనర్ గారి అమ్మాయి. జుట్టుకు పచ్చరంగు, జాకెట్టుకు మూడు చిరుగులు, చెవికి పదకొండు పిన్నీసులు. హిమాంశు లెక్కపెట్టి రాసుకున్నాడు.

సంఘాన్ని తిట్టడానికి పది మార్కులున్నాయి. ప్రణిధి మమ్మల్ని ముసలి నక్కలన్నది, సమాజం కుళ్లిన శవమన్నది, మీ సర్టిఫికెట్టు మా కాలి కింద దుమ్ము అన్నది. ఒక్కచోట తడబడి అరచేతిలో చూసుకుంది. చేతి మీద రాసుకొచ్చింది తల్లి! విరూపాక్షం గారు మురిసిపోయి తొమ్మిదిన్నర వేశారు. తర్వాత మూడు తీగలతో రెండు నిమిషాల పాట వాయించారు. ఒక్క తప్పు లేదు. చేటలో చెరిగినట్టు శుభ్రంగా ఉంది. కింద వాళ్ల నాన్నగారి కారు స్టార్టు చేసే ఉంది.

బయటికి పోతూ ఆ పిల్ల నా కాళ్లకు దండం పెట్టింది. “మీరే మాకు స్ఫూర్తి మేడమ్” అంది. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఎందుకు స్ఫూర్తి అంటే, పరదా వచ్చిన కొత్తలో దాని మీద కేసు వేసింది మా తుప్పు బ్యాండే. ముప్పై రెండేళ్ల కిందటి మాట. హారన్లు, మైకులు, టపాసులు అన్నీ పోయాయని ఊరు ఊరంతా స్తంభాలకు కొబ్బరికాయలు కొడుతుంటే మేం నలుగురం కోర్టుకెక్కాం. నిరసన పాటను పరదా మింగకూడదని తీర్పు వచ్చింది. పెళ్లికి ఇంత, గుడికి ఇంత, ఎన్నికల సభకు ఇంత అని చప్పుడు కోటాలున్న ఊళ్లో, ఎంత గట్టిగానైనా మోగే హక్కు పంకుకు ఒక్కదానికే దక్కింది. బిళ్ల చుట్టూ నలభై అడుగుల లోపల పుట్టిన చప్పుడు పుట్టినట్టే బయటికి పోతుంది. మొదటి నంబరు బిళ్ల నాదే. పరీక్షకొచ్చే బ్యాండ్ల కోసం సంఘం గది గోడకు ఒక బిళ్ల బిగించే ఉంటుంది.

ఆ రోజు కోర్టు మెట్ల మీద నేనొక మాట అన్నాను: “అనుమతి అడిగేవాళ్లు పంక్ కాదు.” ఇరవై ఆరేళ్ల పొగరు. ఇప్పుడది సంఘం గోడ మీద ఫ్రేము కట్టి ఉంది. నియమావళిలో ఏడో నియమం కూడా అదే.

బహుళ అష్టమి

మూడో పంపు వాళ్లు వచ్చారు. ముగ్గురూ ఆడవాళ్లు. పల్లపుపేటలో సముద్రపు పోటును తోడిపోసే పంపుహౌసులో పనిచేస్తారు. పెద్దామె తవిటమ్మ, నలభై దాటి ఉంటాయి. మిగతా ఇద్దరూ ఆమె ఆడపడుచులు. బ్యాండు పేరేమిటని ఫారంలో అడిగితే తాము పనిచేసే పంపు నంబరు రాశారట. జాకెట్లు లేవు. పంపుహౌసు ఖాకీ చొక్కాలు, మోకాళ్ల దాకా ఎత్తికట్టిన చీరలు. సంచిలోంచి ఉడకేసిన వేరుశనగలు తీసి మా ముగ్గురి ముందూ తలా గుప్పెడు పెట్టారు.

“మమ్మల్ని తిట్టండి” అన్నారు విరూపాక్షం గారు.

తవిటమ్మ అదిరిపడింది. “అయ్యో, మిమ్మల్నెందుకు తిడతాం బాబూ? మీరు మాకేటి సేసినారు?”

పదికి సున్నా.

ఇక వాయిద్యాలు. ఒకామె ఇనప గొట్టం మీద రెంచీతో కొట్టింది. ఇంకొకామె చేత్తో తిప్పే పాత సైరన్ తెచ్చింది. తవిటమ్మ పాడింది. గొట్టం మోత చక్కగా ఊపందుకోగానే ఆగిపోవడం, ఆ ఖాళీలో సైరన్ కుయ్యోమనడం, మళ్లీ మోత. నాకు చిరాకేసింది. ఇది పంకేమిటి, పనిపాట. పైగా తాళం అడుగడుగునా తెగుతోంది. ‘సైరన్ అడ్డొస్తోంది. తాళజ్ఞానం లేదు’ అని రాసి పదికి మూడు వేశాను. నా చేత్తోనే వేశాను. ఇది గుర్తుండాలి.

ఆఖరున విరూపాక్షం గారు అడిగారు: “మీరిక్కడికి అనుమతి కోసమే వచ్చారా?”

“అవును బాబూ. దానికే గదా వొచ్చినాం” అంది తవిటమ్మ. అధ్యక్షులు ఏడో నియమం పక్కన ఇంటూ కొట్టారు.

గదిలోంచి పోయేముందు ఆమె నా దగ్గర ఆగింది. “అమ్మా, అమాసలోపు తేలుస్తారా? ఆ తర్వాతయితే మాకు పనికిరాదు” అంది. పంకుకు అమావాస్యతో ఏం పని అనుకున్నాను. వేరుశనగలు మాత్రం బాగున్నాయి.

బహుళ దశమి

నిన్నంతా ఆ అమావాస్య మాట బుర్రలో తొలుస్తూనే ఉంది. ఉండబట్టలేక ఈ రోజు పల్లపుపేట వెళ్లాను.

పంపుహౌసులో ముగ్గురూ సాధన చేస్తున్నారు. నోళ్లు కదులుతున్నాయి, రెంచీ లేస్తోంది, పడుతోంది. చప్పుడు మాత్రం లేదు. బయట స్తంభం మీద పచ్చ దీపం ఆగకుండా ఆరి వెలుగుతోంది. తవిటమ్మ నన్ను చూసి నా చెయ్యి పట్టుకుని గొట్టం మీద ఆనించింది. మోత అరచేతికి తెలిసింది. ఆ ఖాళీ దగ్గర గొట్టం ఆగింది, సైరన్ అదురు వచ్చింది. మళ్లీ అదే చోట ఆగింది. తాళం తెగడం లేదు. సైరన్ వినబడాలని వాళ్లే చోటు ఇస్తున్నారు. డ్రమ్ములు వాయించి చచ్చానే గానీ, ఈ ముక్క నా చెవికి ఎక్కలేదు.

“ఇది పాటేటి కాదమ్మా, మా పేటోళ్లకి కబురు” అంది తవిటమ్మ. మెల్లగా, మామూలు గొంతుతో వినిపించింది:

“నీరొచ్చె నీరొచ్చె లెగవే నూకాలు,
బియ్యం మూటని అటకెక్కించు,
ముసిల్దాన్ని బుజానెత్తు,
పిల్లిని సంకనెట్టు, మేకని ఇప్పు,
మెట్టెక్కు మెట్టెక్కు తుపాను మేడెక్కు.”

పోటుకు గట్టు పొంగితే మోగాల్సిన సైరన్ ఆ పంపుహౌసు నెత్తినే ఉంది. మోగుతుంది కూడా. పరదా మింగేస్తుంది.

“మరి ఫోనుకు కబురొస్తుంది కదా?” అన్నాను.

“వొత్తాది. నిరుడు ఆషాడం అమాసకీ వొచ్చినాది. మా అత్త మంచం ములిగినాక వొచ్చినాది.” ఆమె గొంతు మారలేదు. “నాను ఇక్కడ సైరన్ తిప్పుతానే ఉన్నాను. అదురు చేతికి తెలిసి, బయటికి మోగుతాందనే అనుకున్నాను. మా అత్త పారమ్మ ఇంట్లో నిద్రపోతానే పోనాది.”

మూడుసార్లు అర్జీ పెట్టారట. సైరన్ అనే పద్దు మా దగ్గర లేదు, ఏ కోటాలో వేయమంటారు అన్నారట ఆఫీసులో. చివరికి ఒక గుమాస్తా జాలిపడి, చప్పుడు బయటికి రావాలంటే పంకే దిక్కు, బ్యాండు పెట్టుకోండి అన్నాడట. సరేనని పెట్టుకున్నారు.

“పంకంటే ఏటో మాకు తెలీదమ్మా. ఆ బిళ్ల ఉంటే ఇనబడతాదంట గదా?”

వినబడుతుందన్నాను. రాబోయే అమావాస్యకు పోటు ఇంకా పెద్దదట. పొద్దున తొమ్మిదీ నలభైకి. పేటలో నాలుగు వందల ఇళ్లు. నేను పదికి మూడు వేసింది దీనికి.

బహుళ ద్వాదశి

ఈ రోజు జరిగింది రాయాలంటే సిగ్గుగా ఉంది. రాస్తాను.

నిజమైన పంకంటే ఏమిటని పొద్దున్నించీ చర్చ. పంకంటే తిరస్కారం అన్నారు విరూపాక్షం గారు. పంకంటే రూపం, చూడగానే తెలియాలి అన్నాడు హిమాంశు. తీగలు మూడు దాటితే పంకా కాదా, వయసు ముప్పై దాటితే పంకా కాదా, వేరుశనగలు పంచితే పంకా కాదా! పేటలో మనిషి చచ్చిపోయిందని, మళ్లీ నీళ్లొస్తున్నాయని మొత్తం చెప్పాను. అరిచాను కూడా.

“అది విషాదమే. కానీ అది ఉపయోగం” అన్నారు అధ్యక్షులు. “ఉపయోగపడేది పంకెలా అవుతుంది చంద్రకళ గారూ?”

“మీ మార్కుల షీట్‌లో పదికి మూడు అని ఉందే మేడమ్” అన్నాడు హిమాంశు.

“మార్చండి. నాకు వినడం చేతకాక వేశాను.”

“మార్కుల సంగతి అలా ఉంచండి. ఏడో నియమం ఉంది కదా” అని విరూపాక్షం గారు గోడ వైపు చూపించారు. “ఇది మీ మాటే. ఆ మాట తప్పని మీరంటే చెప్పండి, ఇప్పుడే ఫ్రేము దించేస్తాను. దరఖాస్తు మళ్లీ పరిశీలిద్దాం.”

అంతే. తప్పు అని ఒక్క మాట అంటే సరిపోయేది. గోడ మీద నా పేరు, కింద నా ఇరవై ఆరేళ్ల ఫోటో, నెత్తి మీద ఎత్తిన పిడికిలి. ఊళ్లో పిల్లలు చొక్కాల మీద అచ్చేయించుకు తిరిగే మాట. దాని కోసమే కదా ఈ ముప్పై ఏళ్లూ నాకు దండాలు పెడుతున్నారు. తల దించుకుని బూడిదకు సంతకం పెట్టాను.

థూ, నా బతుకు! ఉమ్ముకు మార్కులు వేయమంటే ఇప్పుడు కసిగా నా మొహానికే వేస్తాను, పదికి పది.

బహుళ చతుర్దశి

పేటకు వెళ్లి తవిటమ్మకు నేనే చెప్పాను. సంతకం నాదేనని కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే హాయిగా ఉండేది.

“పోనీ, ఒగ్గీ అమ్మా” అంది ఆమె. “రేపు ముగ్గురం ఇల్లిల్లూ తిరిగి తలుపులు కొడతాం.”

“నాలుగు వందల ఇళ్లు ముగ్గురే ఎలా కొడతారు?”

“అందినోళ్లని కొడతాం.”



రేపు తొమ్మిది గంటలకే టౌన్‌హాలులో బూడిదకు బిళ్ల ప్రదానం. నేను వేదిక మీద డ్రమ్ము మోగించి ఇవ్వాలట. నా మెడలో మొదటి నంబరు బిళ్ల ఉంది. అది ఇంకొకరికి ఇవ్వడానికి లేదు, నా బొటనవేలికి తప్ప పలకదు. సర్టిఫికెట్టు లేని బ్యాండుకు దాన్ని వాడితే శాశ్వతంగా రద్దు. ఆ తర్వాత చచ్చేదాకా నా డ్రమ్ము నాకు కూడా వినబడదు. ఈ పూటంతా బిళ్లను గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాను. అది పోతే నేనెవరిని?

అమావాస్య

ఎనిమిదిన్నరకు చిన్న డ్రమ్ము భుజానికి తగిలించుకుని పంపుహౌసుకు వెళ్లాను. నీళ్లు గట్టు అంచున ఉన్నాయి. ముగ్గురూ తలుపులు కొట్టడానికి బయల్దేరుతున్నారు.

“తిరగొద్దు. వాయించండి” అన్నాను.

“వాయిత్తే ఎవులికి ఇనబడతాది?”

బిళ్ల మీద వేలు ఆనించి డ్రమ్ము మీద ఒక్క దెబ్బ వేశాను. గది అదిరింది. సైరన్ తిప్పే ఆమె చెవులు మూసుకుంది. తవిటమ్మ మొహంలో రంగు మారింది. వెనక్కి తిరిగి పెద్ద సైరన్ మీట పట్టుకుంది.

అబ్బ, ఆ మోత! ముప్పై ఏళ్లుగా గట్టి చప్పుడెరగని పేట. కుక్కలు మంచాల కింద దూరాయి. పిల్లలు వీధిలోకొచ్చి ఆకాశం వంక చూశారు. గొట్టం మోగింది, ఆగింది, సైరన్ లేచింది. నేను ఆపాల్సిన చోట ఆపలేదు. తవిటమ్మ పాడుతూనే నా భుజం మీద ఒక్కటిచ్చింది.

“ఆగే! ఆడ ఆగు! సైరన్‌ని ఇననీ!”

ఆగడం నేర్చుకున్నాను. పేటంతటికీ ఆ పాట వచ్చు. ఏడాది పాటు ఇంటింటికీ తిరిగి గుసగుసగా నేర్పారట. బియ్యం మూటలు అటకెక్కాయి, ముసలివాళ్లు భుజాలెక్కారు, జనం తుపాను మేడ మెట్లెక్కారు. పదీ పదికి నీళ్లు కిటికీల దాకా వచ్చాయి. పంపుహౌసు కప్పు మీద నిలబడి మధ్యాహ్నం దాకా వాయించాం. తర్వాత పేరుపేరునా లెక్కపెట్టారు. నాలుగు వందల ఇళ్లవాళ్లూ ఉన్నారు. నూకాలు మేక ఒక్కటే కనబడలేదు. అది సాయంత్రం ఎవరిదో అటక మీద వాళ్ల బియ్యం తింటూ దొరికింది.

మధ్యలో హిమాంశు ఫోన్ చేశాడు. సైరన్ టౌన్‌హాలు దాకా వినబడిందట. అది బూడిద వాళ్ల ప్రదర్శనలో భాగమనుకుని జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. “అదిరిపోయింది మేడమ్. ఆ సౌండు ఎవరిది? కొనొచ్చా?” అన్నాడు. నాకు తెలిసిన బూతులన్నీ తిట్టాను. “తొమ్మిదిన్నర” అని వెనకనుంచి ఎవరో అన్నారు. విరూపాక్షం గారి గొంతే అది.

శుద్ధ తదియ

నా బిళ్ల రద్దయింది. పొద్దున డ్రమ్ము మీద కొట్టి చూశాను. వీధి చివర పచ్చ దీపం ఆరి వెలిగింది.

మధ్యాహ్నం సంఘం సంఘమంతా దండతో, ఫోటోగ్రాఫరుతో పల్లపుపేటకు దిగింది. బురద తోడుతున్న తవిటమ్మ ముందు నిలబడి విరూపాక్షం గారు కళ్లు తడి చేసుకున్నారు. “అనుమతి లేకుండా మోగారు. ఏడో నియమం ప్రకారం ఇంతకంటే స్వచ్ఛమైన పంక్ లేదు” అన్నారు. ప్రత్యేక కోటాలో బిళ్ల ఇస్తారట. ఒకే ఒక్క షరతు. ఇంతకుముందు ఎన్నడూ అనుమతి అడగలేదని కాగితం మీద సంతకం పెట్టాలి.

“పెట్టకు తవిటమ్మా! మూడుసార్లు అడిగావు. మీ అత్త చావును కూడా వీళ్లు పంకు చేస్తారు. ఆ కాగితం వాళ్ల మొహాన కొట్టు” అన్నాను.

ఆమె చేతి బురద చీరకు తుడుచుకుంది. “పోనాది మా అత్త గదమ్మా, నీ అత్త కాదు” అని, పెన్ను అందుకుని చకచకా సంతకం పెట్టేసింది. దండను పక్కనున్న మేకకు వేసింది. బిళ్ల తీసుకుని, దాని మీద బొటనవేలు ఆనించి, నిచ్చెనెక్కి, బట్టలారేసే తాడుతో పెద్ద సైరన్ మెడకు రెండు ముళ్లు వేసి కట్టింది.

ముప్పై ఏళ్లుగా నేను పోగేసుకున్న స్వచ్ఛత అంతా ఆ తాడు ముడి ముందు ఎందుకూ కొరగాలేదు.

వాళ్లంతా వెళ్లిపోయాక కూడా నేను అక్కడే నిలబడ్డాను. ఆమె మళ్లీ పార అందుకుంది. గొంతు సవరించుకున్నాను. ఇలాంటి మాట నేను నా జన్మలో ఎవరినీ అడగలేదు.

“తవిటమ్మా, సోమవారం సోమవారం మీరు సాధన చేసేటప్పుడు నేనూ రావచ్చా? ఆ బిళ్ల చుట్టూ నలభై అడుగుల్లో నా డ్రమ్ము కూడా మోగుతుంది. నువ్వు ఒప్పుకుంటేనే.”

ఆమె పార ఆపి నన్ను పైనించి కిందిదాకా చూసింది.

“రా. ఆగాల్సిన కాడ ఆగకపోతే మాత్రం ఇంటికి పంపేత్తాను” అంది.

సరేనన్నాను. ఈ దినచర్యతో పాటు నా రాజీనామా కూడా దఫ్తరులో పెడుతున్నాను. గోడ మీది ఫ్రేమును నేనే దించి తెచ్చుకున్నాను.